ముప్పై ఏడో మెట్టు

రంగు గోకడం నా వృత్తి.
శస్త్రవైద్యుడి కత్తిలాంటిదే నాదీ,
కాకపోతే నా రోగులు గోడలు.
ఎవరెవరో పూసిపోయిన పొరల్ని
వెనకనుంచి ముందుకి చదువుకుంటూ పోతాను.

రీగా నగరంలో, కాలువ వైపు తిరిగిన మూల మీద
ఆరంతస్తుల హోటల్.
ఇప్పటి పేరు నియాన్‌లో వెలుగుతుంది.
ముందటి పేరు గుమ్మం ఇత్తడి మీద అరిగిపోయింది.
అంతకు ముందటిది తలుపు గాజులో ఉంది,
చలికాలం ఆవిరి పడితేనే కనిపిస్తుంది.
ముఖద్వారం పైన మూడు ఆడముఖాలు, నోళ్లు తెరుచుకుని.
పాడుతున్నాయంటారు గైడులు.
నాకైతే చలిలో ట్రాం కోసం
తిట్టుకుంటూ నిలబడ్డట్టుంటాయి.

లోపల మెట్లదారి చూడాలి.
కోడిగుడ్డు ఆకారంలో మెలి తిరిగి పైకి పోతుంది,
నడుమ స్తంభం లేదు, కింద దూలం లేదు.
ప్రతి రాయీ ఒక కొస గోడలో దూర్చుకుని
కింది రాయి భుజం మీద చెయ్యేసి నిలబడింది.
నూరేళ్లు దాటాయి, ఎవరూ చెయ్యి తియ్యలేదు.
పైన గాజుకప్పు.
డిసెంబరులో వెలుగు ఐదో అంతస్తు దిగదు,
జూన్‌లో మాత్రం ఇంకో రెండు దిగి
చేతికమ్మీని తాకి, అక్కడే ఆగిపోతుంది.

మొన్న రెండో మలుపులో
అరచెయ్యంత కిటికీ తెరిచాను రంగులో.
పైన తెలుపు: బ్యాంకు అప్పుతో కొన్నది, పలచన.
దాని కింద గోధుమరంగు నూనెపూత,
కమిటీలు చేతులెత్తి ఆమోదించింది.
దాని కింద ఆసుపత్రి ఆకుపచ్చ;
అప్పుడు గదికి ఆరు మంచాలు,
పియానో మూత మీద కట్లు చుట్టేవారట.
ఆ కింద సన్నటి నల్లగీత. రంగు కాదు, మసి.
ఏ రాత్రి మంటదో ఏ దస్తావేజూ చెప్పదు.
మసి కింద, చివరికి,
పాలు విరిగితే తేటగా తేలే నీళ్ల రంగు.
మొట్టమొదటి అతిథులు
ఈ రంగు పక్కనుంచే దిగివచ్చారు.

"ముప్పై ఏడో మెట్టు, జాగ్రత్త,"
అన్నాడు మొదటిరోజే రాత్రి కాపలా ఒల్గెర్ట్స్.
కొలిచాను. మిగతావాటికంటే వేలిమందం ఎత్తు.
ముప్పై ఆరుసార్లు కాలు నేర్చుకున్న లెక్క
ముప్పై ఏడోసారి తప్పుతుంది.
ఒక మేజరు ఇక్కడే తూలి,
వెనక నవ్విన జవానుని మర్నాడే బదిలీ చేయించాడట.
ఒక పెళ్లికూతురు తూలితే
పట్టుకున్నది పెళ్లికొడుకు కాదు,
పెట్టెలు మోసే కుర్రాడు.
ఈ కథ ఒల్గెర్ట్స్ ఎప్పుడూ పూర్తి చెయ్యడు,
వాళ్లమ్మ పేరు దాకా వచ్చి
టీ నీళ్లు పెట్టడానికి లేస్తాడు.
పక్కలు మార్చే జెల్మా ఒక్కతే
నలభై ఏళ్లలో ఒక్కసారీ తడబడలేదు,
దుప్పట్ల దొంతర గడ్డం దాకా ఉన్నా
పాదమే చూసేది.

నిన్న ఆ రాయి పక్కన సున్నం పెచ్చు ఊడింది.
లోపల పెన్సిలు రాత, వంకరగా:
"ఒక రాయి దారిలో పగిలింది. ఇది వేరే బండిది.
రేపు మారుస్తాను. యె. స్ప్రోగిస్."
కింద తారీకు, 1909 అక్టోబరులో ఒక శనివారం.
కూలి ఎగ్గొట్టారో, జ్వరమొచ్చిందో,
ఆదివారం తాగి సోమవారం మరిచాడో.
నాకు రంగు చదవడం వచ్చు,
మనుషులది రాదు.

ఇవాళ కంపెనీ ఇంజనీరు లేజరు పట్టుకుని వచ్చాడు.
బీమావాళ్లు ఊరుకోరు, సరిచెయ్యాల్సిందే అన్నాడు.
ఒక్క రాయి తియ్యాలంటే
పైన రాళ్లన్నిటికీ పోట్లు పెట్టాలి అన్నాను.
లెక్క వేశాడు. పెదవి కొరికాడు.
వచ్చే ఏడాది, అని రాసుకున్నాడు.

సాయంత్రం సామాను సర్దుకుని దిగుతున్నాను,
డబ్బా ఒక చేత, కత్తి జేబులో.
తెలుసు నాకు. లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను.
అయినా తూలాను.
కింద బల్ల దగ్గర, పేపరులోంచి తలెత్తకుండానే
ఒల్గెర్ట్స్ అన్నాడు:
"ముప్పై ఏడు."